చేయరాదు, చేయనక్కరలేదు: విధి సడలిన చోట

శ్రీ గురుభ్యో నమః.

ఈ వ్యాసాన్ని ఒక అపరాధ నివేదనతో ప్రారంభిస్తున్నాను.

త్వష్ట తన యజ్ఞంలో ‘ఇంద్రశత్రు’ శబ్దాన్ని స్వరం తప్పి ఉచ్చరించిన కారణంగా, ఇంద్రుణ్ణి సంహరించడానికి పుట్టిన వృత్రుడు ఇంద్రుని చేతనే హతుడయ్యాడన్న కథను వేదపాఠశాలలో ప్రతి బాలుడూ వింటాడు. నేనూ విన్నాను. ఆ భయంతోనే ముప్పది ఏండ్లకు పైగా సన్నిధిలో మంత్రం చెబుతున్నాను. అటువంటి నేను మంత్రంలో కాదు, లౌకిక సంభాషణలో, అదీ పరభాషలో, రెండు చిన్న మాటలను తారుమారు చేసి ఒక వృద్ధ భక్తురాలికి తీరని మనఃక్లేశం కలిగించాను. ఆ తప్పిదం నన్ను వ్యాకరణంలోకి, అక్కడినుండి మీమాంసలోకి, చివరకు భగవద్గీత తృతీయాధ్యాయంలోకి తీసుకువెళ్లింది. ఆ క్రమాన్నే మీ ముందు ఉంచుతున్నాను.

మా ఇందల్వాయి 44వ జాతీయ రహదారిపై, కామారెడ్డికీ డిచ్‌పల్లికీ నడుమ ఉన్న ఊరు. ఈ ప్రాంతంలో గల్ఫ్ దేశాలకో అమెరికాకో బిడ్డలను పంపిన ఇండ్లు ఎన్నో ఉన్నాయి. అమెరికాలో వేసవి సెలవులు, ఇక్కడ తొలి ఏకాదశి ఇంచుమించు ఒకే కాలంలో వస్తాయి. కనుక ఆ రోజులలో ఆలయ ప్రాంగణంలో తెలుగు కొంత, ఆంగ్లం కొంత కలిసి వినబడుతుంది. పాఠశాలలో మాకు ఆంగ్లం చెప్పలేదు. నాకు వచ్చిన నాలుగు ముక్కలూ ఆ పిల్లల నోట విని నేర్చుకున్నవే.

మా భక్తులలో ఎనుబది రెండేండ్ల తల్లి ఒకరున్నారు. మధుమేహం ఉన్నది. అయినా ఏకాదశినాడు పచ్చి మంచినీళ్లు కూడా ముట్టరు. అంతకు ముందటి ఏకాదశినాడు కళ్లు తిరిగి పడిపోయారట. అమెరికాలో పుట్టి పెరిగిన పదహారేండ్ల మనవడు ఆ సంగతి విని, తొలి ఏకాదశికి ముందునాడు నా వద్దకు వచ్చి, “స్వామీ, డజ్ షి హ్యావ్ టు ఫాస్ట్?” అని అడిగాడు. నానమ్మ ఉపవాసం ఉండితీరాలా అని ఆ ప్రశ్నకు అర్థం. ఆ బాలుని కంఠంలో ఆందోళన ఉన్నది. నా మనస్సులోని సమాధానం స్పష్టమే: ఆ తల్లికి అటువంటి నిర్బంధం లేదు, ఉండనక్కరలేదు. నోటినుండి వెలువడిన మాట మాత్రం, “నో, నో. షి మస్ట్ నాట్ ఫాస్ట్.”

బాలుడు ఊరటతో నమస్కరించి వెళ్లాడు. నేను నివేదన పనిలో పడ్డాను.

ద్వాదశినాడు ఆమె తీర్థానికి రాలేదు. పారణకు ముందు సన్నిధికి రాకపోవడం నేనెరిగినంతలో అదే మొదలు. త్రయోదశినాడూ రాలేదు. సాయంకాలం దీపారాధన ముగించి నేనే వారి ఇంటికి వెళ్లాను. అరుగుమీద కూర్చున్న ఆమె నన్ను చూచి లేచి, కొంగుతో కన్నులు అద్దుకుని, “నా ఒక్కపొద్దు దేవునికి ఒద్దట గద అయ్యగారూ! నేనేం పాపం జేసిన్నో చెప్పుండ్రి” అన్నారు. ఏకాదశినాడు మధ్యాహ్నం కోడలు వడ్డించిన అన్నం రెండు ముద్దలు కన్నీళ్లతో మింగారట. అర్చకుని మాట దేవుని మాటే అని నమ్మి, అరువది ఏండ్లుగా సాగిన నియమాన్ని ఆమె ఆ పూట విడిచిపెట్టారు.

నేను అక్కరలేదన్నాను. ఆమెకు చేరినది చేయరాదని.

మా ఊరిలో ఆంగ్లం బోధించి విరమించిన ఉపాధ్యాయులొకరున్నారు. మరునాడు వారివద్దకు వెళ్లి జరిగినది చెప్పాను. వారు నవ్వలేదు. “ఇది తెలుగు పిల్లలు పరీక్షలో తరచుగా చేసే పొరపాటే స్వామీ” అని ఒక కాగితం మీద వ్రాసి చూపారు. ‘మస్ట్’ అన్నా ‘హ్యావ్ టు’ అన్నా తెలుగులో ‘చేయాలి’ అనే చెబుతాము. సూక్ష్మభేదం ఒకటి ఉన్నది. చెప్పేవాడు తన అధికారంతోనో, తన అంతరంగ ప్రేరణతోనో చెప్పినప్పుడు మస్ట్. పరిస్థితో, నియమమో బయటినుండి నిర్బంధించినప్పుడు హ్యావ్ టు. వ్యవహారంలో ఒకదాని స్థానంలో మరొకటి వచ్చినా పెద్ద ప్రమాదం లేదు. కాని వ్యతిరేకార్థంలోకి వెళ్లగానే ఈ రెండూ పరస్పరం పొసగనంతగా విడిపోతాయి. ‘మస్ట్ నాట్’ అంటే చేయరాదు. ‘డోంట్ హ్యావ్ టు’ అంటే చేయనక్కరలేదు. మొదటిదానిలో నిర్బంధం అలాగే నిలిచి ఉన్నది. చేయకుండుటయే ఇప్పుడు నిర్బంధం. రెండవదానిలో నిర్బంధమే తొలగిపోయింది. చేయుట, మానుట అతని ఇచ్ఛకు వదలబడ్డాయి.

మస్ట్ అనే మాటకు భూతకాలరూపం లేదని కూడా వారు చెప్పారు. నిన్న చేయవలసివచ్చిందని చెప్పాలంటే ఆంగ్లేయుడైనా ‘హ్యావ్ టు’నే ఆశ్రయించి ‘హ్యాడ్ టు’ అనక తప్పదట.

ఇంటికి వచ్చి ఆలోచించాను. ఈ తప్పు కేవలం ఆంగ్లం రాకపోవడం వల్ల కలిగినదేనా? కాదు. దీని మూలం నా తెలుగులోనే ఉన్నది. ‘వలయు’ అంటే కావలసి ఉండుట, కోరదగినదై ఉండుట. ‘చేయవలయును’ కాలక్రమంలో ‘చేయవలెను’ అయి, నేడు ‘చేయాలి’ అయినది. మా నిజామాబాదు పల్లెలలో ‘జెయ్యాలె’ అంటారు. ఆ పూర్వరూపంలోని ‘లె’ మా వారి నోట ఇంకా సజీవంగా ఉన్నది. ఈ వలయు శబ్దానికి వ్యతిరేకరూపం ‘వలదు’. అదే వద్దు, మా వైపు ఒద్దు. ధాత్వర్థం ప్రకారం వలదు అంటే కావలసినది కాదు, అవసరం లేదు అని మాత్రమే. వాడుకలో అది నిషేధంగా స్థిరపడింది. అయినా పాత అర్థం పూర్తిగా పోలేదు. “ఫికర్ జెయ్యొద్దు” అన్నప్పుడు మనం దేనినీ నిషేధించడం లేదు, చింతించనక్కరలేదని ఊరడిస్తున్నాము. “మీరు రావొద్దు, నేనే వస్త” అని పెద్దలతో అన్నప్పుడు వారిని రాకుండా అడ్డగించడం లేదు. వారికి శ్రమ తప్పిస్తున్నాము. ఆ తల్లి విషయంలోనూ నా మనస్సులో మెదిలినది ‘ఒక్కపొద్దు ఉండొద్దు తియ్యి’ అన్న వాత్సల్యవచనమే. ఆ ‘ఒద్దు’ను పరభాషలోకి మార్చేటప్పుడు అందులోని వాత్సల్యం జారిపోయి, నిషేధం మాత్రం మిగిలింది.

ఆంగ్లేయుల ‘హ్యావ్ టు’ నిర్మాణం కూడా ఆలోచింపదగినది. హ్యావ్ అంటే కలిగి ఉండుట. చేయుటకు ఒక పనిని కలిగి ఉన్నాను అన్న మాటే క్రమంగా చేయవలసి ఉన్నది అనే అర్థానికి వచ్చింది. అంటే వారి దృష్టిలో కర్తవ్యం ఒక సొత్తువంటిది. సంస్కృతంలో కలిగి ఉండుటను చెప్పడానికి ఆ విధమైన క్రియను సాధారణంగా వాడము. ‘నాకు ఉన్నది’ అనే రీతిలో షష్ఠీవిభక్తితో ‘మమ అస్తి’ అంటాము. తెలుగుదీ అదే పద్ధతి: ‘నాకు పని ఉన్నది.’ కనుక ‘మమ కర్తవ్యమస్తి’ అన్న వాక్యం నిర్మాణంలోనూ భావంలోనూ వారి హ్యావ్ టుకు అతి సమీపంలో నిలుస్తుంది. వారి ‘ఆట్’ అనే మరొక విధిశబ్దం, అప్పుపడి ఉండుట అనే అర్థం గల ‘ఓ’ శబ్దానికి భూతరూపం. అంటే వారి భాషలోనూ కర్తవ్యం ఒకప్పుడు ఋణమే. దేవ, ఋషి, పితృ ఋణాలతో మనిషి జన్మిస్తాడని తైత్తిరీయ సంహిత చెప్పిన మాట తెలిసిన మనకు ఇది ఆశ్చర్యం కలిగించదు. యజ్ఞంతో దేవఋణం, బ్రహ్మచర్యంతో ఋషిఋణం, సంతానంతో పితృఋణం తీరుతాయి. ఇక మస్ట్ అనే శబ్దం ప్రాచీనకాలంలో అనుమతిని తెలిపేదట. అనుమతి కాలక్రమంలో ఆజ్ఞగా మారింది. నా నోట ఒక అనుమతి క్షణంలో నిషేధంగా మారిన తీరును తలచుకుంటే ఈ చరిత్ర నన్ను కొంత ఓదార్చింది.

బయటి నిర్బంధానికీ లోపలి ప్రేరణకూ గల భేదాన్ని మన రైతులు ఎంత సహజంగా పాటిస్తారో చూడండి. బోధన్‌లోని నిజాం చక్కెర కర్మాగారం 1937లో స్థాపితమై, 2015లో మూతపడింది. ఆ తరువాత చెరకు విడిచి వరికో మరొకదానికో మళ్లిన రైతును అడిగితే, “చెరుకు బంజెయ్యాల్సొచ్చింది” అంటాడు. ‘చేయాలి’ అనడు, ‘చేయవలసి వచ్చింది’ అంటాడు. ఆ నిర్ణయం అతని హృదయంలో పుట్టలేదు. బయటినుండి వచ్చి అతనిపై పడింది. అదే రైతు బిడ్డ పెండ్లి విషయంలో “జెయ్యాలె” అంటాడు. ఆ మాట లోపలినుండి వస్తుంది.

ఇప్పుడు శాస్త్రం వైపు చూద్దాం. మన పూర్వులు ఈ విషయాన్ని ఉపేక్షించలేదు. లిఙ్ లకారానికి గల అర్థాలను పాణిని మహర్షి వరుసగా చెప్పాడు: విధి, నిమంత్రణం, ఆమంత్రణం, అధీష్టం, సంప్రశ్నం, ప్రార్థన. ఈ ఆరింటిలో రెండవ, మూడవ పదాలను మనం నేడు ఒకే అర్థంలో వాడుతున్నాము. రెండూ ఆహ్వానమే కదా అనుకుంటున్నాము. వైయాకరణులు అలా అనుకోలేదు. నిమంత్రణమంటే తప్పనిసరిగా అంగీకరింపవలసిన పిలుపు. శ్రాద్ధభోజనానికి దౌహిత్రుణ్ణి పిలవడం అటువంటిది, తిరస్కరిస్తే దోషం. ఆమంత్రణమంటే కామచారానుజ్ఞ. రావచ్చు, మానవచ్చు, పిలిచినవాడు ప్రేమతో తలుపు తెరిచి ఉంచాడు, అంతే. క్రియారూపం మాత్రం రెండింటికీ ఒక్కటే. పిలిచినవాని భావాన్ని, సందర్భాన్ని గ్రహించినవానికే భేదం తెలుస్తుంది. తవ్య, అనీయర్ మొదలైన కృత్యప్రత్యయాలూ అంతే. ప్రేరణకు, ఇష్టానుసారం చేయమనే అనుజ్ఞకు, తగిన కాలం వచ్చిందనడానికి కూడా అవి వర్తిస్తాయని పాణిని సూత్రించాడు.

మీమాంసకులు ఇంకా లోతుకు వెళ్లారు. వేదవాక్యంలో ‘న’ అన్న అక్షరం కనబడితే వారు వేసే మొదటి ప్రశ్న: ఈ నఞ్ దేనితో అన్వయిస్తుంది? ప్రత్యయార్థమైన ప్రవర్తనతో అన్వయిస్తే దానికి విరుద్ధమైన నివర్తన సిద్ధిస్తుంది. అది ప్రతిషేధం, అనగా చేయరాదు. ధాత్వర్థంతో అన్వయిస్తే అది పర్యుదాసం. ఉదయించే సూర్యుణ్ణి చూడరాదన్న ప్రజాపతివ్రత నియమంలో వారు ఈ రెండవ మార్గాన్ని స్వీకరించి, చూడకుండా ఉందునన్న సంకల్పమే అక్కడ విధేయమని నిర్ణయించారు. అతిరాత్ర యాగంలో షోడశి అనే పాత్రను గ్రహించాలని ఒక వాక్యం, గ్రహించరాదని మరొక వాక్యం కనబడుతాయి. రెండూ వేదమే, దేనినీ త్రోసివేయలేము. కనుక అక్కడ వికల్పం: గ్రహించినా యాగం పూర్ణమే, గ్రహించకున్నా పూర్ణమే. ఒక్క నకారం ఎక్కడ తగులుతుందన్న విషయంపై అంతటి మహామేధావులు అంత శ్రమించారు. అది శుష్కవాదమని యౌవనంలో నేను కూడా లోలోపల అనుకున్నాను. ఒక తల్లి కన్నీళ్లు చూచిన తరువాత ఇక అలా అనుకోలేను.

ఆమె విషయంలో ధర్మశాస్త్రం ఏమంటున్నది? ఏకాదశీ ఉపవాసం ఎనిమిదేండ్లు దాటి, ఎనుబది నిండనివారికి విహితమని స్మృతివచనం. ఆమెకు ఎనుబది రెండు. కనుక విధి ఆమెను విడిచిపెట్టింది. నిషేధించలేదు, విడిచిపెట్టింది. ఇక వ్రతానికి భంగం కలిగించనివి ఎనిమిది అని మహాభారత వచనం ప్రసిద్ధం: జలం, మూలం, ఫలం, పాలు, హవిస్సు, బ్రాహ్మణుని కోరిక, గురువచనం, ఔషధం. ఈ పట్టికను మరొకసారి చదవండి. రోగికి కావలసిన ఔషధం అందులో ఉన్నది. నీరసించినవారికి పాలు, పండ్లు ఉన్నాయి. పెద్దలు చెప్పినందువల్ల తిన్నవారికి కూడా అభయం ఉన్నది. నేను ఆమెకు మంత్రోపదేశం చేసిన గురువును కాను. అయినా ఆమె ఆ రెండు ముద్దలు గురుభావంతో నా మాట విని తిన్నారు. కనుక వ్రతభంగం లేదని ఆమెతో ధైర్యంగా చెప్పగలిగాను. దోషం ఏదైనా ఉంటే అది అజాగ్రత్తగా పలికిన నాది.

విధి విడిచిపెట్టిన తరువాత మిగిలేదేమిటి అన్నది అసలు ప్రశ్న.

గీత తృతీయాధ్యాయం ఇరువది రెండవ శ్లోకంలో భగవానుడు అర్జునునితో తనను గురించి ఒక మాట చెబుతాడు: ముల్లోకాలలోనూ నాకు కర్తవ్యమనేది ఏదీ లేదు, పొందనిది గాని పొందవలసినది గాని లేదు, అయినా కర్మలోనే ఉన్నాను అని. అక్కడి వాక్యనిర్మాణాన్ని గమనించండి. స్వామి ‘నేను చేయరాదు’ అనలేదు. ‘నాకు కర్తవ్యం లేదు’ అన్నాడు. నకారం కర్తవ్యం ఉన్నదన్న భావానికి తగిలింది, కర్మకు కాదు. మా ఉపాధ్యాయులు కాగితంపై వ్రాసి చూపిన రెండవ రూపమే ఇది: డోంట్ హ్యావ్ టు. చేయనక్కరలేదు, అయినా చేస్తున్నాడు. ఎందుకు? తాను మానితే లోకం ఆ దారినే పడుతుందన్న కరుణతో. అదే అధ్యాయంలో అంతకుముందు, ఆత్మయందే తృప్తుడైనవానికి కార్యం లేదని చెప్పినదీ ఆయనే. కార్యం లేకపోవడం కర్మ మానడానికి హేతువు కానక్కరలేదని తన నడవడితో చూపినదీ ఆయనే.

భగవంతునికి కర్తవ్యం లేకపోవడం పూర్ణత్వం వల్ల. మా భక్తురాలికి లేకపోవడం వార్ధక్యం వల్ల. ఈ రెండింటినీ సమానం చేయడం నా ఉద్దేశం కాదు. కాని ఒక్క పోలిక ఉన్నది. నిర్బంధం తొలగిన తరువాత చేసే కర్మలో భయానికి చోటు లేదు, దోషభీతి లేదు, ఎవరో అడుగుతారన్న సంకోచం లేదు. అక్కడ కర్మకు మిగిలిన ఏకైక హేతువు ప్రేమ. నిమంత్రణంగా మొదలైన పిలుపు ఆమె ఎనుబదవ ఏట ఆమంత్రణంగా మారింది. అంతవరకు ఆమె విధి పాటించారు. ఆ తరువాత చేసినది శుద్ధభక్తి. దానినే నేను తెలియక నిషేధించాను. విధిని నిషేధిస్తే ఒక నియమం పోతుంది. భక్తిని నిషేధిస్తే ఆ మనిషికి ఇక మిగిలేదేమిటి?

ఈ సందర్భంలో నా అభిప్రాయాన్ని నిర్మొహమాటంగా చెబుతాను. మన ఆలయాలలో, ఇండ్లలో ఈ రెండు మాటల కలయిక వల్ల రెండు దిక్కులా హాని జరుగుతున్నది. వృద్ధులు, రోగులు, గర్భిణులు అడిగినప్పుడు మినహాయింపు చెప్పవలసిన చోట మనం నిషేధం చెబుతున్నాము. వారు తమను దేవుడే దూరం పెట్టాడని కుమిలిపోతున్నారు. యువకులు అడిగినప్పుడు ఇందుకు విపరీతంగా, ఐచ్ఛికమైనదాన్ని కూడా ‘చేసితీరాలి’ అని బెదిరిస్తున్నాము. కామ్యకర్మకు, నిత్యకర్మకు భేదం చెప్పము. చేయకపోతే అరిష్టమని ఒక్క మాటతో ముగిస్తాము. వారు ఒకటి రెండుసార్లు భయంతో చేసి, అరిష్టమేదీ రాకపోవడం చూచి, ఆవశ్యకమైన సంధ్యావందనాన్ని కూడా దానితో పాటే విడిచిపెడుతున్నారు. తప్పు వారిది మాత్రమేనా?

అర్చక సోదరులకు నా విన్నపం: ఎవరైనా ‘చేయాలా?’ అని అడిగితే ‘ఊఁ’ అనో ‘వద్దు’ అనో ముగించకండి. ఇది విధియా, నిషేధమా, మీ ఇచ్ఛకు వదిలినదా అన్నది పూర్ణవాక్యంలో చెప్పండి. అక్కరలేదని చెప్పినప్పుడు, చేయగలిగితే ఎంతవరకు, ఏ విధంగా చేయవచ్చో కూడా చెప్పండి. పరభాషలో అడిగినవారికి ఆ భాషలో స్పష్టంగా చెప్పలేకపోతే, పెద్దలనెవరినైనా పిలిచి తెలుగులోనే చెప్పండి. నేను ఆనాడు ఆ పని చేసి ఉంటే ఈ వ్యాసం అవసరమయ్యేది కాదు.

ఇక్కడ ఒక ఆక్షేపం రావచ్చు. అక్కరలేదన్న మాటకు ఇంత గౌరవమిస్తే, ప్రతివాడూ తనకు అక్కరలేదనే తీర్పు ఇచ్చుకుంటాడు కదా? ఈ భయం నిర్హేతుకం కాదు. సోమరితనానికి శాస్త్రం తోడుగా దొరికితే అంతకంటె ఏం కావాలి? కనుక ఒక్క మాట గుర్తుంచుకోవాలి. మినహాయింపు ఇచ్చేది శాస్త్రం; మనం కాదు. ఆరోగ్యవంతుడైన ఇరువది ఏండ్ల యువకునికి ఎనుబది ఏండ్ల మినహాయింపు వర్తించదు. నిశ్చయం దృఢపడిన తరువాత కూడా శాస్త్రాన్ని రక్షించుకోవాలనే నారదభక్తిసూత్రాలు చెబుతున్నాయి. అదేవిధంగా, మినహాయింపు పొందినవారు దేహాన్ని హింసించుకుని మూర్ఛపోవడం భక్తి కాదు. ఔషధం వ్రతఘ్నం కాదని చెప్పిన శాస్త్రాన్ని త్రోసిపుచ్చి, మందు మాని, బిడ్డలను భయపెట్టి చేసే ఉపవాసంలో కొంత పట్టుదల ఉండవచ్చు. ప్రేమ మాత్రం తక్కువ. ఈ మాట ఆ తల్లితోనూ చెప్పాను. ఆ బాలుని ఆందోళనలో ధర్మం ఉన్నదనీ చెప్పాను.

తరువాతి ఏకాదశికి ఆమె వచ్చారు. ఉదయం మందు వేసుకుని, పాలు త్రాగి, మధ్యాహ్నం రెండు అరటిపండ్లు తిని, సాయంకాలం మంటపంలో కూర్చుని రామనామం చెప్పుకున్నారు. తిరుగుప్రయాణానికి రెండు రోజులే మిగిలి ఉన్న మనవడు ప్రక్కన కూర్చున్నాడు. చేయనక్కరలేదని ఇప్పుడు అతనికి సరిగా తెలిసింది కనుక మరింత అయోమయంలో పడ్డాడు. “చేయనవసరం లేదని స్వామి చెప్పారు కదా నానమ్మా, మరి ఎందుకు చేస్తున్నావు?” అని తనకు వచ్చిన తెలుగులో అడిగాడు. శ్లోకమేదైనా చెబుదామని నేను నోరు తెరవబోయాను. అంతలో ఆమే అన్నారు:

“నువ్వు అమెరికల ఉండి దినాం నాకు ఫోన్ జేస్తవు గద బిడ్డా. జెయ్యాలె అని నీకెవరన్న జెప్పిండ్రా?”

బాలుడు మాట్లాడలేదు. ఆమె మళ్లీ జపంలో పడిపోయారు. నేను హారతికి లేచాను.

శ్రీరామచంద్రార్పణమస్తు.